ఒకే మూడు సినిమాలు, ఎన్నో పెట్టెలు: ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ డిస్క్ సెట్లలో దేంట్లో ఏముంది

‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు భాగాలు 2001, 2002, 2003 డిసెంబర్ నెలల్లో వరసగా థియేటర్లకు వచ్చాయి. ఆ తర్వాత అవే సినిమాలు డీవీడీ, బ్లూరే, 4కే డిస్కుల రూపంలో పెట్టెలు మార్చుకుంటూ వస్తూనే ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు అట్ట మీద పెద్ద అంకె ఉన్నదాన్ని ఎంచుకోవడం మామూలే. ఈ సెట్ల దగ్గర ఆ లెక్క సగమే పనిచేస్తుంది. 2020 నాటి 4కే పెట్టెలో బొమ్మ మేలు, కానీ సినిమా ఎలా తీశారో చెప్పే డాక్యుమెంటరీ ఒక్కటీ లేదు. 2011 నాటి 15 డిస్కుల బ్లూరే పెట్టెలో అవన్నీ ఉన్నాయి, కానీ మొదటి సినిమా రంగు మీద ఇప్పటికీ తగాదా నడుస్తోంది. పైగా అందులో థియేటర్ వెర్షన్ లేదు. అన్నీ ఒకేచోట దొరికే పెట్టె ఇప్పటిదాకా రాలేదని ముందే తెలిస్తే ఎంచుకోవడం తేలికవుతుంది. చూడాల్సింది అట్ట మీది అంకె కాదు. డిస్కులో ఉన్నది ఏ కట్ (అంటే సినిమా ఏ కూర్పు), ఎప్పటి మాస్టర్ (డిస్కు తయారీకి వాడిన మూల ప్రతి), సెకనుకు ఎంత డేటా అన్నవే చూడాలి.

నిడివి దగ్గరే మొదటి తికమక

థియేటర్ వెర్షన్ల నిడివి 178, 179, 201 నిమిషాలు. మొత్తం 558. అదనపు దృశ్యాలు కలిపిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్లకు పెట్టె మీద వేసే నిడివి 228, 235, 263 నిమిషాలు. మొత్తం 726. తేడా 168 నిమిషాలు, అంటే ఇంకో సినిమా అంత. కానీ అదంతా కథ కాదు. ఎక్స్‌టెండెడ్ వెర్షన్ల ఆఖర్లో అభిమాన సంఘం సభ్యుల పేర్లు తెర మీద పైకి వెళ్తూనే ఉంటాయి. ఒక్క మొదటి భాగంలోనే ఆ పేర్లు 20 నిమిషాల దాకా సాగుతాయి. వాటిని తీసేస్తే మిగిలేది 208, 223, 251. అంటే కథలో నిజంగా కలిసింది మొదటి భాగంలో అరగంట, రెండో భాగంలో 44 నిమిషాలు, మూడో భాగంలో 50 నిమిషాలు. అంతా కలిపి రెండు గంటల పైచిలుకు.

ఆ రెండు గంటల విలువ మూడు భాగాల్లో ఒకేలా లేదు. మొదటి భాగంలో షైర్ పరిచయం పెరిగింది, లోత్లోరియన్‌లో గాలాడ్రియల్ ఒక్కొక్కరికీ కానుకలిచ్చే సన్నివేశం పూర్తిగా వచ్చింది. ముందు ముందు శామ్ చేతిలో కనిపించే ఎల్ఫ్‌ల తాడు ఎక్కడిదో దాంతో తెలుస్తుంది. ఎక్స్‌టెండెడ్ వల్ల బాగా లాభపడింది మాత్రం ‘ద టూ టవర్స్’. థియేటర్ వెర్షన్‌లో ఫరామిర్ ఎందుకంత మొండిగా ప్రవర్తిస్తున్నాడో అంతుపట్టదు. ఓస్గిలియాత్‌లో బోరోమిర్, ఫరామిర్, వాళ్ల తండ్రి డెనెథోర్ ముగ్గురూ ఒకచోట ఉన్న పాత ఘట్టం ఎక్స్‌టెండెడ్‌లో ఉంది. తండ్రి ఇద్దరు కొడుకులనూ చూసే తీరులో ఉన్న తేడా ఆ కాసేపట్లో తేలిపోతుంది, ఆ తర్వాత ఫరామిర్ తీసుకునే ప్రతి నిర్ణయానికీ కారణం దొరుకుతుంది.

‘ద రిటర్న్ ఆఫ్ ద కింగ్’ సంగతి వేరు. సారుమాన్ చావు, మౌత్ ఆఫ్ సౌరాన్‌తో మాటలు, హౌసెస్ ఆఫ్ హీలింగ్ వంటివి ఎక్స్‌టెండెడ్‌లోనే ఉన్నాయి. థియేటర్ వెర్షన్ చూసినవాళ్లకు సారుమాన్ చివరికి ఏమయ్యాడో తెలియదు. అయితే కలిపిన ప్రతిదీ మేలు చేయలేదు. సముద్ర దొంగల ఓడలను అరగార్న్ బృందం చనిపోయినవాళ్ల సైన్యంతో పట్టుకునే దృశ్యం ఎక్స్‌టెండెడ్‌లో ముందే వస్తుంది. దాంతో యుద్ధభూమి దగ్గర ఓడల నుంచి ఆ సైన్యం దూకేటప్పుడు ఉండాల్సిన ఆశ్చర్యం పోతుంది. కథ తెలియనివాళ్లు మూడో భాగాన్ని మొదటిసారి థియేటర్ వెర్షన్‌లోనే చూడటం మంచిది. అందుకే రెండు కట్‌లూ ఉన్న సెట్‌కు విలువ ఎక్కువ. 2006 నాటి డీవీడీ సెట్, 2020 నాటి 4కే సెట్ అలాంటివి. 2010లో వచ్చిన బ్లూరేలో థియేటర్ వెర్షనే ఉంది, 2011లో వచ్చిన బ్లూరేలో ఎక్స్‌టెండెడ్ మాత్రమే ఉంది.

సినిమా మధ్యలో డిస్కు ఎందుకు మార్చాలి

ఎక్స్‌టెండెడ్ వెర్షన్ ఏ రూపంలో కొన్నా ఒక్కో సినిమా రెండు డిస్కుల మీదే ఉంటుంది. చాలామంది దీన్ని అమ్మకపు ఎత్తుగడ అనుకుంటారు. లెక్క వేస్తే కారణం బయటపడుతుంది.

రెండు పొరల డీవీడీ 8.5 జీబీ పడుతుంది, అంటే సుమారు 68 వేల మెగాబిట్లు. 228 నిమిషాలంటే 13,680 సెకన్లు. భాగిస్తే సెకనుకు 5 మెగాబిట్లు వస్తాయి. ఇందులోంచే ధ్వనికి కూడా తీయాలి. 2002 నవంబర్‌లో వచ్చిన నాలుగు డిస్కుల డీవీడీలో డీటీఎస్ ట్రాక్, డాల్బీ డిజిటల్ ట్రాక్, వాటికి తోడు నాలుగు కామెంటరీలు ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే సుమారు 2 మెగాబిట్లు పోతాయి. బొమ్మకు మిగిలేది 3. మోరియా గుహల చీకటి, పొగ, పరుగెత్తే ఓర్క్‌ల గుంపు 3 మెగాబిట్లలో ఇమడవు. చీకటి చోట్ల గళ్లు పడతాయి, పొగ మెట్లు మెట్లుగా విడిపోతుంది. అదే సినిమాను రెండు డిస్కులకు పంచితే డీవీడీ ప్రమాణం అనుమతించే గరిష్ఠం, అంటే సుమారు 10 మెగాబిట్ల దగ్గరికి వెళ్లొచ్చు. అప్పట్లో ఆ డీవీడీల బొమ్మను అందరూ మెచ్చుకోవడానికి సగం కారణం ఈ పంపకమే.

బ్లూరేలోనూ ఇదే కథ. 50 జీబీ డిస్కు మీద 263 నిమిషాల మూడో భాగాన్ని పెడితే సెకనుకు సుమారు 25 మెగాబిట్లు వస్తాయి. నష్టం లేని డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోకు, మిగతా ట్రాకులకు తీసేశాక బొమ్మకు 20కి కాస్త అటూ ఇటూ మిగులుతుంది. అది చెడ్డ అంకేమీ కాదు, కానీ రెండు డిస్కులైతే బ్లూరే గరిష్ఠం దాకా అడ్డే లేదు. 4కేలో 100 జీబీ డిస్కును తీసుకున్నా, ఒకే డిస్కు మీదైతే 50 మెగాబిట్లు, రెండింటి మీదైతే 100. థియేటర్ వెర్షన్ 201 నిమిషాలే కాబట్టి 100 జీబీ డిస్కు ఒక్కటి చాలు, సెకనుకు 66 దాకా వస్తుంది. ఆ 4కే పెట్టెలో 9 డిస్కులు ఉండటానికి లెక్క ఇదే: థియేటర్ వెర్షన్లకు 3, ఎక్స్‌టెండెడ్‌కు 6.

మొదటి భాగంలో మొదటి డిస్కు ఎల్రాండ్ సభ ముగిసి తొమ్మిది మంది బృందం ఏర్పడ్డ చోట ఆగుతుంది. కథలోనూ అది విశ్రాంతి పడాల్సిన చోటే కాబట్టి లేచి డిస్కు మార్చడం బాధ అనిపించదు.

2006 డీవీడీ సెట్ మాత్రం ఇంకో దారి పట్టింది. రెండు కట్‌లకూ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని డిస్కులో ఒక్కసారి మాత్రమే పెట్టి, మెనూలో ఎంచుకున్న కట్‌ను బట్టి అదనపు దృశ్యాల దగ్గర ప్లేయర్ పక్కదారిలోకి వెళ్లి వచ్చేలా చేశారు. ఆలోచన తెలివైనదే. అయితే ఎక్స్‌టెండెడ్ అంటే దృశ్యాలు అతికించడమే కాదు. చాలాచోట్ల షాట్ల వరస మారింది, హోవర్డ్ షోర్ సంగీతం కొత్తగా వచ్చి చేరింది. అందుకే ఆ పక్కదారులు చాలా ఎక్కువ. పాత ప్లేయర్లలో అలాంటి మలుపు దగ్గర బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. పైగా ఆ డిస్కులకు రెండు వైపులా డేటానే. పేరు రాసే చోటు లేదు, వేలిముద్ర పడకుండా పట్టుకునే చోటు అంచు ఒక్కటే.

25 ఫ్రేముల పద్ధతి ఉన్న ప్రాంతాల కోసం చేసిన పాల్ డీవీడీల గురించీ ఒక మాట. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేముల్లో. పాల్ డీవీడీలో అదే 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. 263 నిమిషాల సినిమా 252 నిమిషాల్లో అయిపోతుంది. ఏదో కోసేశారని అనుమానించక్కర్లేదు. కాకపోతే సర్దుబాటు చేయని ట్రాకుల్లో సంగీతం శ్రుతి అర స్వరం కన్నా కాస్త తక్కువ పెరుగుతుంది. బ్లూరే, 4కేలలో ఈ గొడవ లేదు.

ఆ ఆకుపచ్చ మంచు

మొదటి భాగం తీసే నాటికి సినిమా మొత్తాన్ని కంప్యూటర్‌లో రంగు దిద్దడం ఇంకా కొత్త. ముప్పావు వంతు దాకా అలా దిద్ది, మిగతాది పాత ల్యాబ్ పద్ధతిలోనే చేశారు. తర్వాతి రెండు భాగాలకు కంప్యూటర్ పద్ధతే పూర్తిగా వాడారు. ప్రతి కొత్త సెట్‌లోనూ మొదటి భాగం రంగే ఎక్కువగా మారుతూ రావడానికి మూలం ఇక్కడే ఉంది.

2010 బ్లూరేలో మొదటి భాగం బొమ్మ మెత్తగా ఉంది. గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్న రేణువులు) తగ్గించే ఫిల్టర్ వేయడంతో ముఖాల మీది సన్న వివరాలు పోయాయి, ఆపైన అంచులు పదును పెట్టడంతో వస్తువుల చుట్టూ తెల్లటి గీత కనిపిస్తుంది. విమర్శలు వచ్చాయి. 2011 ఎక్స్‌టెండెడ్ బ్లూరేకు మొదటి భాగాన్ని కొత్తగా దిద్దారు. పదును, వివరాలు బాగా పెరిగాయి, దాంతోపాటు బొమ్మ మొత్తం మీద పలచటి ఆకుపచ్చ పొర వచ్చి కూర్చుంది. అది పొరపాటు కాదు, దర్శకుడు పీటర్ జాక్సన్, ఛాయాగ్రాహకుడు ఆండ్రూ లెస్నీ కోరుకున్న రంగేనని సంస్థ చెప్పింది. ఆ మాట చాలామందికి మింగుడు పడలేదు.

తేడా పట్టుకోవడానికి కారడ్రాస్ కొండ మీది మంచు చాలు. ఫ్రోడో జారి పడినప్పుడు ఉంగరం గొలుసుతో సహా మంచులో పడుతుంది, బోరోమిర్ దాన్ని ఎత్తి పట్టుకుంటాడు. అక్కడ బొమ్మ ఆపి మంచును, పైన ఆకాశాన్ని చూడాలి. పాత డీవీడీలో మంచు తెల్లగానో, కొద్దిగా నీలంగానో ఉంటుంది. 2011 డిస్కులో నీలం, ఆకుపచ్చ కలిసిన చాయ స్పష్టంగా తెలుస్తుంది. ముదురు దృశ్యాల్లో ఈ పొర అంతగా బయటపడదు. తెలుపు ఎక్కువున్న చోటే దొరికిపోతుంది. టీవీ రంగు సెట్టింగుతో దీన్ని సరిచేయబోతే మంచు తెల్లబడేలోపు మనుషుల చర్మం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ ప్రయత్నం మానుకోవడమే మేలు. మిగతా రెండు భాగాలకు ఈ సమస్య లేదు, కాబట్టి 2011 సెట్‌ను మొత్తంగా తోసిపారేయడం తొందరపాటే.

4కే అంటే ఇక్కడ అర్థం

మూడు సినిమాలనూ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసి, 2కేలో పూర్తి చేశారు. అంటే అప్పటి తుది బొమ్మ వెడల్పు 2048 పిక్సెల్లు. బ్లూరేలో వెడల్పు 1920. తేడా నామమాత్రం. మరి 3840 పిక్సెల్ల 4కే డిస్కు ఎక్కణ్నుంచి వచ్చింది? ఫిల్మ్‌ను మళ్లీ 4కేలో స్కాన్ చేశారు. గ్రాఫిక్స్ కలిసిన షాట్లు 2కేలో తయారైనవి కాబట్టి వాటిని పెద్దవి చేసి కలిపారు. మూడో భాగంలో అలాంటి షాట్లు వెయ్యికి పైనే. కాబట్టి ఒకే సన్నివేశంలో కొన్ని షాట్లు అసలైన 4కే, కొన్ని సాగదీసిన 2కే. ఈ రెంటి మధ్య అతుకు కనబడకుండా చేయడానికి గ్రెయిన్‌ను బాగా తగ్గించారు. దాని ఖరీదు ముఖాల మీద తెలుస్తుంది. కొన్ని దగ్గరి షాట్లలో చర్మం మరీ నున్నగా ఉంటుంది. ఫిల్మ్ గ్రెయిన్ ఇష్టపడేవాళ్లకు ఈ సెట్ నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అసలు లాభం పిక్సెల్లలో కాదు, వెలుగు రంగుల్లో ఉంది. ఖజాద్-దూమ్ వంతెన దగ్గర బాల్‌రాగ్ మంటలు బ్లూరేలో పసుపు తెలుపు ముద్దగా కనిపించే చోట, హెచ్‌డీఆర్‌లో (వెలుగు నీడల మధ్య ఎక్కువ తేడా చూపే పద్ధతి) మంటలోపలి నారింజ పొరలు విడివిడిగా తెలుస్తాయి. మోరియా పెద్ద హాలులో గాండాల్ఫ్ కర్ర కొన మీది వెలుగు పెరిగినా చుట్టూ చీకటి చీకటిగానే ఉంటుంది. మొదటి భాగం మీది ఆకుపచ్చ పొర పోయింది, మూడు భాగాల రంగులకూ పొంతన కుదిరింది. పైనుంచీ చుట్టూరా వినిపించే డాల్బీ అట్మాస్ ధ్వని కూడా ఈ సెట్‌తోనే వచ్చింది. పెద్ద తెర, మంచి హెచ్‌డీఆర్ టీవీ ఉన్నవాళ్లకు సినిమా చూడటం వరకు ఇదే సరైన సెట్. తక్కువ వెలుగునిచ్చే టీవీ, పాత ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకు ఇదే డిస్కు బ్లూరే కన్నా చీకటిగా కనిపించవచ్చు. హెచ్‌డీఆర్ వెలుగును తన స్థాయికి కుదించడం చేతకాని పరికరాల్లో మోరియా అంతా నల్లటి గోడ అయిపోతుంది.

సెట్టింగులు తప్పితే డిస్కును తిట్టుకోవాల్సి వస్తుంది

4కే డిస్కు పెట్టినా టీవీలో హెచ్‌డీఆర్ గుర్తు రాకపోతే ముందు హెచ్‌డీఎంఐ పోర్టు సెట్టింగు చూడాలి. చాలా టీవీల్లో ఒక్కో పోర్టుకు ‘ఎన్‌హాన్స్‌డ్’ లాంటి పేరుతో వేరే స్విచ్ ఉంటుంది, కొన్నింట్లో అది ఆపేసి వస్తుంది. తర్వాత కేబుల్: 18 గిగాబిట్ల రకం కాకపోతే తెర మధ్యమధ్యలో నల్లబడుతుంది. హెచ్‌డీఆర్‌లో మెరుగైన రకమైన డాల్బీ విజన్ రావాలంటే ప్లేయర్, మధ్యలో రిసీవర్ ఉంటే రిసీవర్, టీవీ అన్నీ దాన్ని ఒప్పుకోవాలి. ఒక్కటి ఒప్పుకోకపోయినా మామూలు హెచ్‌డీఆర్10కు దిగిపోతుంది. అది చెడిపోవడం కాదు.

అట్మాస్ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ప్లేయర్‌లోనే ఉంటుంది. ఆడియో అవుట్‌పుట్ ‘బిట్‌స్ట్రీమ్’లో ఉండాలి, ‘సెకండరీ ఆడియో’ ఆపి ఉండాలి. అది ఆన్‌లో ఉంటే మెనూ శబ్దాలను కలపడం కోసం ప్లేయరే ధ్వనిని విప్పేస్తుంది, అట్మాస్ సమాచారం అక్కడే పోతుంది. టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెళ్లే దారి మామూలు ఏఆర్‌సీ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే బయటికి పంపే పద్ధతి) అయితే డిస్కులో అట్మాస్‌ను మోసే ట్రూహెచ్‌డీ ధ్వని దానిలోంచి పోదు. దాని మెరుగైన రకం ఈఏఆర్‌సీ కావాలి, లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. బొమ్మకు 24 ఫ్రేముల అవుట్‌పుట్ ఆన్ చేసి, టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగును పూర్తిగా ఆపాలి. ఆ సెట్టింగు ఉంటే హెల్మ్స్ డీప్ యుద్ధం సీరియల్ షూటింగులా కనిపిస్తుంది.

అనుబంధ డిస్కుల విలువ

నిర్మాణ విశేషాల విషయంలో మాత్రం 2002, 2003, 2004లలో వచ్చిన నాలుగేసి డిస్కుల డీవీడీలను ఇంతవరకు ఏ సెట్టూ దాటలేదు. మొదటిది ఆకుపచ్చ, రెండోది ముదురు ఎరుపు, మూడోది నీలం అట్టల్లో పుస్తకాల్లా వచ్చిన సెట్లు అవే. ప్రతి సినిమాకూ రెండు అనుబంధ డిస్కులు. పుస్తకాన్ని స్క్రిప్టుగా మార్చడం, ఆయుధాలు, కవచాల తయారీ, చిన్న నమూనాలతో కోటలు కట్టడం, పొట్టి హాబిట్లను పొడుగాటి మనుషుల పక్కన చూపడానికి కెమెరా కోణంతో చేసిన మాయ, సంగీతం, ఎడిటింగ్... ఒక్కో పనికీ విడి విడి భాగాలు. సినిమా పని నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ పాఠ్యపుస్తకం లాంటివి.

మొదటి భాగం డీవీడీలో ఒక దాచిన సరదా కూడా ఉంది. మొదటి డిస్కులో సీన్ల ఎంపిక మెనూ ఆఖరి పేజీకి వెళ్లి, ఎల్రాండ్ సభ మీద ఉండి కింది బాణం నొక్కితే ఉంగరం గుర్తు వెలుగుతుంది. నొక్కితే ఆ సభ మీద ఎంటీవీ కోసం చేసిన పేరడీ వస్తుంది.

2011 బ్లూరే పెట్టెలో ఈ అనుబంధాలన్నీ ఉన్నాయి, కానీ డీవీడీల రూపంలోనే. మొత్తం 15లో 6 బ్లూరేలు సినిమాలకు, 6 డీవీడీలు అనుబంధాలకు, మరో 3 డీవీడీలు కోస్టా బోట్స్ తీసిన డాక్యుమెంటరీలకు. ఇందులో ఒక చిక్కుంది. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే ప్రాంత కోడ్ బ్లూరేకు వేరు, డీవీడీకి వేరు. పక్క దేశం నుంచి తెప్పించిన పెట్టెలో సినిమాలు చక్కగా ఆడి, అనుబంధ డిస్కులు మొరాయించవచ్చు. 4కే డిస్కులకు ప్రాంత కోడ్ లేదు. 2021లో ‘హాబిట్’తో కలిపి వచ్చిన 31 డిస్కుల పెట్టె చూసి పాత అనుబంధాలు కూడా ఉంటాయనుకున్నవాళ్లు నిరాశపడ్డారు. అందులో 4కే, బ్లూరే సినిమాలు, ఒక కొత్త బోనస్ డిస్కు ఉన్నాయి గానీ ఆ పాత డాక్యుమెంటరీలు లేవు. అందుకే 4కే సెట్ పక్కన పాత ఎక్స్‌టెండెడ్ డీవీడీలనో, 2011 బ్లూరేనో పెట్టుకోవడం ఇప్పటికీ తెలివైన పనే. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా పర్వాలేదు.

సెకండ్ హ్యాండ్ అయితే ముందు డిస్కులు లెక్కపెట్టాలి. లేబుళ్లు ఒక్కొక్కటీ చదవాలి, ఎందుకంటే ఒక సినిమా అనుబంధ డిస్కు ఇంకో సినిమా పెట్టెలో ఉండి, రెండోది పోవడం తరచూ జరిగేదే. డిస్కు తిప్పి చూస్తే కింది వైపు ఊదారంగు ఛాయ ఉంటే అది ఇంట్లో రాసిన కాపీ. ఫ్యాక్టరీ డీవీడీ వెండి రంగులోనో, లేత బంగారు రంగులోనో ఉంటుంది, లోపలి వలయం దగ్గర తయారుచేసిన ఫ్యాక్టరీని తెలిపే సన్నటి ఐఎఫ్‌పీఐ కోడ్ కనిపిస్తుంది. మడత అట్టల సెట్లలో డిస్కును పట్టుకునే మధ్య పళ్లు విరిగితే డిస్కు లోపల కదిలి గీతలు పడతాయి. అట్టను చెవి దగ్గర మెల్లగా ఊపితే శబ్దం చెబుతుంది.

4కే డిస్కులు కొత్తవైనా సరే, వాపసు గడువు లోపలే మొత్తం పరీక్షించుకోవాలి. 100 జీబీ డిస్కులో మూడు పొరలు. మొదటి అరగంట బాగా ఆడిందంటే మిగతాదీ ఆడుతుందని అర్థం కాదు. పొర మారే చోట ఆగిపోవడం, గళ్లు పడటం ఈ రకం డిస్కుల్లో ఎక్కువ. ఆగిందంటే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రటి గీత డేటా వరస వెంబడే సాగి చదవడం కష్టం చేస్తుంది. మళ్లీ వేసినప్పుడు సరిగ్గా అదే క్షణంలో ఆగితే లోపం డిస్కుదే, మార్పించుకోవాలి. ప్రతిసారీ వేరే చోట ఆగుతుంటే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, అదే డిస్కును ఇంకో ప్లేయర్‌లో వేసి చూడాలి. అక్కడ బాగా ఆడితే సొంత ప్లేయర్ లెన్సును అనుమానించాలి.